చుక్క పడని పట్టిక: పాలిచ్చే తల్లి బైబిలు ఎప్పుడు చదవాలి, విశ్రాంతి ఎక్కడ వెదకాలి?

మూలాపేట_చిన్నమ్మాయి

నాకు 27 ఏళ్లు. పెద్దవాడికి మూడేళ్లు నిండాయి, చిన్నదానికి ఎనిమిదో నెల నడుస్తోంది. పెళ్లికి ముందు నెల్లూరు జిల్లా గ్రంథాలయం నుంచి వారానికి రెండు పుస్తకాలు తెచ్చుకొనేదాన్ని, కావలి బస్సులో నిలబడి కూడా పేజీలు తిప్పేదాన్ని. ఈ జనవరిలో మా స్త్రీల సమాజంవారు ఒక్క సంవత్సరంలో బైబిలు మొత్తం చదివించాలని నిర్ణయించి, అందరి పేర్లతో ఒక పట్టికను మందిరం గోడకు అంటించారు. ఆ వారం భాగం పూర్తి చేసినవారి పేరు ఎదుట ఎర్ర చుక్క పెడతారు. నా పేరు ఎదుట జనవరిలో పడిన నాలుగు చుక్కలు తప్ప మరేమీ లేవు, ఎందుకంటే నేను లేవీయకాండము పదమూడో అధ్యాయంలో, కుష్ఠుపొడలను యాజకునికి చూపించే నియమాల దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు జూన్ నెల వచ్చింది.

రాత్రి గిన్నెలు కడిగి, పాలు తోడుపెట్టి, పదిన్నరకు గ్రంథం తెరిస్తే నాలుగో వచనానికే కళ్లు మూతపడతాయి. ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి పాప లేస్తుంది. పగలు పాలిచ్చేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది కనుక ఆ పావుగంట కథల పుస్తకం చదువుతాను. దాచుకోవడం ఎందుకు, రోజు మొత్తంలో నాకు ఊపిరి ఆడేది ఆ పావుగంటలోనే. మొన్న మా అత్తమ్మ అది చూసి, "వాక్యం తెరవడానికి లేని తీరిక కథలకు ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" అని అడిగారు. ఆమె కోపంగా అనలేదు, అందువల్లనే ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

అలసిపోయానని ఎవరితో అన్నా, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి; నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అంటూ మత్తయి 11:28 అప్పజెప్పి వెళ్లిపోతున్నారు. ఆ వచనం నాకు సండే స్కూలు నాటి నుంచి కంఠతా వచ్చు. ఆ విశ్రాంతి చుక్కలన్నీ నిండిన తరువాత ఇచ్చేదా, ఇప్పుడే తీసుకోవచ్చా అన్నది మాత్రం తెలియడం లేదు. చిన్నపిల్లల తల్లులు ఎలా చదువుతున్నారో, కథలు చదవడం తప్పో కాదో, అనుభవం ఉన్నవారు చెప్పండి.

కావలి_కమలాకరం

మా అమ్మ నలుగురు పిల్లలను పెంచుతూ, గేదెలను చూసుకుంటూ, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి లాంతరు వెలుతురులో రోజుకు ఐదు అధ్యాయాలు చదివేది. సమయం దానంతట అది దొరకదు, మనమే చేసుకోవాలి. కథలకు దొరికిన పావుగంటలో లేవీయకాండము ఒక అధ్యాయం పూర్తవుతుంది. సోదరి నొచ్చుకోకూడదు, మేలు కోరి చెబుతున్నాను.

పొదిలి_నర్సు

కమలాకరం గారూ, మీ అమ్మగారు నాలుగింటికి లేచేవారంటే రాత్రి ఎనిమిదింటికే పడుకొనేవారేమో ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ అమ్మాయి పదిన్నరకు పడుకొని, ఒంటిగంటకు లేచి, మూడింటికి లేచి, మళ్లీ నాలుగింటికి లేవాలా? "మీరు వేకువనే లేచి చాలరాత్రియైన తరువాత పండుకొనుచు" కష్టార్జితం తినడం వ్యర్థమని 127వ కీర్తనే చెబుతోంది.

కావలి_కమలాకరం

ఆ కీర్తన ప్రభువు లేకుండా ఇల్లు కట్టుకొనేవారి గురించి చెప్పినది, ఆలస్యంగా లేవడానికి ఇచ్చిన అనుమతి పత్రం కాదు. సందర్భం చూడకుండా వచనం విరిచి వాడకూడదు.

పొదిలి_నర్సు

సందర్భం చూశాను. అదే కీర్తన రెండో సగం మొత్తం పిల్లల గురించే ఉంది. కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము అన్న మాటకు సరిగ్గా ముందు వచనంలో నిద్ర ప్రస్తావన వచ్చిందంటే, ఆ రాసినాయనకు ఇంట్లో చంటిపిల్ల ఉండి ఉంటుందని నా అనుమానం.

దర్గామిట్ట_పుస్తకాలు

సంవత్సరంలో బైబిలు ముగించే పట్టికల సంగతి కొంచెం లెక్క వేసి చూద్దాము. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260, మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు చదివినా సంవత్సరాంతానికి దాదాపు వంద అధ్యాయాలు మిగిలిపోతాయి, కాబట్టి కొన్ని రోజులు నాలుగు చదవాలి. ఇటువంటి పట్టికలలో మిక్కిలి పేరుపడినది రాబర్ట్ ముర్రే మెక్‌షేన్ అనే స్కాట్లండు పాదిరి 1842లో డండీ పట్టణంలోని తన సంఘం కోసం తయారు చేసినది. దాని ప్రకారం ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసిసార్లు పూర్తవుతాయి. మహానుభావుడే, సందేహం లేదు. అయితే ఆయనకు పెళ్లి కాలేదు, మరుసటి సంవత్సరమే 29 ఏళ్లకు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన ఇంట్లో ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి ఎవరూ లేచి ఏడవలేదని మనం ధైర్యంగా చెప్పవచ్చు.

ఇంకొక సంగతి ఉంది. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో జరిగింది, వచనాల సంఖ్యలు 1551లో ఒక ముద్రాపకుడు కొత్త నిబంధనకు వేశాడు. మోషేకూ పౌలుకూ తెలియని లెక్క ప్రకారం మనం వెనకబడ్డామని ఏడుస్తున్నాము.

కందుకూరు_నాన్న

దర్గామిట్ట వారి పోస్టు చదివి మా ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వు ఆపాక ఆ పోస్టును ప్రింటు తీసి తమ మందిరం గోడకు అంటిస్తానంటోంది, నేను ఆపుతున్నాను.

ఒంగోలు_అమ్మమ్మ

చిన్నమ్మాయీ, నాకు 71 ఏళ్లు, ఆరుగురు మనుమలను ఒళ్లో పెంచాను. నీ ప్రశ్నకు జవాబు మొదటి సమూయేలు మొదటి అధ్యాయంలోనే ఉందమ్మా, ఎవరూ ఆ నాలుగు వచనాల దగ్గర ఆగరు.

హన్నాకు బిడ్డ పుట్టిన తరువాత ఏమైందో చూడు. ఆమె పెనిమిటి ఎల్కానా, ఇంటివారందరూ ఏటేటా షిలోహులోని మందిరానికి బలి అర్పించడానికి బయలుదేరేవారు. ఆ బిడ్డ కోసం మందిరంలో ఏడ్చి మొక్కుకొన్నది హన్నాయే కదా, అందరికంటే ముందు ఆమె పరుగెత్తాలి. కానీ ఆమె వెళ్లలేదు. బిడ్డ పాలు విడిచేవరకు తాను రానని పెనిమిటితో చెప్పింది. ఆయన ఏమన్నాడు? నీకు ఏది మంచిదని తోస్తే అది చెయ్యి, పాలు మాన్పించేవరకు ఇంటి దగ్గరే ఉండు అన్నాడు. యాజకుడైన ఏలీ ఆమెను పిలిపించి ఎందుకు రాలేదని అడగలేదు. దేవుడు ఒక్క మాట కూడా అనలేదు. ఆ బిడ్డే సమూయేలు, తరువాత రాజులకు అభిషేకం చేశాడు.

అయినా ఆమె మొక్కుబడి ఎగ్గొట్టలేదు, గుర్తుపెట్టుకో. పాలు మానిపించిన వెంటనే బిడ్డను తీసుకొని వెళ్లింది. మధ్యలో ఉన్న ఆ కాలాన్ని మాత్రం ఎవరూ ఆమె ఖాతాలో బాకీగా రాయలేదు.

జపమాల_నెల్లూరు

అమ్మమ్మ గారి మాటకు ఒక చిన్న చేర్పు ఉంది. మేము కతోలికులం, మా బైబిలులో 73 గ్రంథాలు ఉంటాయి, అంటే పట్టిక పెడితే మీకంటే మేమే ఎక్కువ వెనకబడతాము. అందులోని మక్కబీయుల రెండవ గ్రంథం ఏడో అధ్యాయంలో ఒక తల్లి తన కుమారునితో, నిన్ను తొమ్మిది నెలలు గర్భంలో మోసి మూడేళ్లు పాలిచ్చాను అంటుంది. ఆ కాలంలో పాలు మాన్పించడానికి అంత వ్యవధి పట్టేదన్న మాట. ఆ లెక్కన హన్నా రెండు మూడు యాత్రలైనా మానుకొని ఉండాలి.

నా అనుభవం చెబితే, మా బాబు పుట్టిన ఏడాది నేను పుస్తకం పట్టుకోలేదు. జపమాల మాత్రం చేతిలో ఉండేది, అది కూడా చాలా రాత్రులు రెండో పది పూసలకు రాకుండానే నిద్రపోయేదాన్ని. మా నాయనమ్మ, మిగిలిన పూసలు దేవదూతలు చెప్పుకుంటారులే అనేది. అది ఏ వేదాంతంలో ఉందో నన్ను అడగవద్దు.

కావలి_కమలాకరం

హన్నా విషయం నాకు తట్టలేదు, ఒప్పుకొంటున్నాను. అయితే ఆమె యాత్ర మానుకొన్నది గాని ప్రార్థన మానుకోలేదు. కథల పుస్తకం సంగతి ఇంకా అలాగే ఉంది.

అద్దంకి_బస్టాండు

అగస్టీను భక్తుడు మిలాను నగరంలో ఒక తోటలో కూర్చొని మనోవేదన పడుతుంటే, గోడ అవతల నుంచి ఒక పిల్ల గొంతు "తీసుకొని చదువు, తీసుకొని చదువు" అని పాడినట్టు వినిపించిందట, ఆయన గ్రంథం తెరిచాడట, జీవితం మారిపోయిందట. మా ఇంట్లో పిల్ల గొంతు వినిపించిందంటే పుస్తకం మూసి పరుగెత్తాలి. ఆయన గోడకు అవతల ఉన్నాడు కనుక సరిపోయింది.

గుండ్లకమ్మ_టీచరు

ముప్పై నాలుగేళ్లు సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని, కనుక కాస్త పొడవుగా రాస్తాను, ఓపిక లేనివారు దాటిపోవచ్చు.

విశ్రాంతి గురించి మాట్లాడుకుంటున్నాము కాబట్టి, మన జిల్లాలలో ఆ మాటకు ఉన్న చరిత్ర కొంత తెలియాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఆ మిషనుకే చెందిన క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చారు. ఆయన దగ్గరికి వచ్చినవారిలో అత్యధికులు కనిగిరి, పొదిలి, ఒంగోలు పల్లెలలోని మాదిగలు. చెప్పులూ, మోట బావుల తోలు తిత్తులూ కుట్టి ఊరికి ఊడిగం చేసే కుటుంబాలు అవి. కొత్తగా విశ్వసించినవారికి తాము మొదట పెట్టిన నియమాలు మూడే మూడని క్లౌ తన జ్ఞాపకాలలో రాశారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్నవే ఆ మూడు. చదువు రావాలని, ఇన్ని అధ్యాయాలు అప్పజెప్పాలని అందులో లేదు.

మనకు ఆదివారం సెలవు మామూలు సంగతి. పిలిచినప్పుడల్లా వెళ్లవలసిన వెట్టివాడు, ఏడు రోజులలో ఒక రోజు నేను రాను అనడం ఆ రోజుల్లో మామూలు మాట కాదు. కోతల సమయంలో ఆదివారం పనికి రాలేదని ఊరి పెద్దలు వారిని బాధలు పెట్టిన సంగతులు ఆ జ్ఞాపకాలలోనే ఉన్నాయి. 1876–78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి దొరికేటట్టు చేశారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, మా గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వరుసలో మా తాతగారి అమ్మమ్మ ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. బైబిలు స్త్రీ ఇంటింటికీ వచ్చి చదివి వినిపిస్తే విని, కీర్తనలు పాటగా నేర్చుకొని, చెప్పులు కుట్టేచోట కూర్చొని పాడుకొనేదట.

చిన్నమ్మాయి గారూ, చదవలేని ఆ తల్లికి విశ్వాసం మొట్టమొదట తెచ్చి ఇచ్చినది పుస్తకం కాదు, ఒక రోజు పని మానే హక్కు. మీ సంఘపు పట్టికలో ఆ గడి ఎక్కడైనా ఉన్నదేమో చూడండి.

పొదిలి_నర్సు

టీచరు గారూ, ఒక్క రోజు పని మానే హక్కు అన్నారు బాగుంది, ఆదివారం మధ్యాహ్నం మందిరం నుంచి వచ్చాక కోడి కూర వండేది ఎవరు?

గుండ్లకమ్మ_టీచరు

ఈ ప్రశ్నకు మా ఇంట్లో ముప్పై ఏళ్లు సమాధానం చెప్పకుండా తప్పించుకున్నాను. పదవీ విరమణ తరువాత ఆదివారం అన్నం, పప్పుచారు నేను వండుతున్నాను. కూర ఇంకా రాలేదు.

కందుకూరు_నాన్న

నేను పొగాకు వేలం కేంద్రంలో గుమాస్తా పని చేస్తాను. వేలాల కాలంలో ఇంటికి వచ్చేసరికి పొద్దుపోతుంది కనుక పిల్లల పని నాది కాదనే అనుకొనేవాడిని. మా ఆవిడ పెళ్లికి తెచ్చుకొన్న ఇనప్పెట్టెలో పుస్తకాలు ఉండేవి, ఇల్లు ఇరుకని ఆ పెట్టెను నేనే అటక మీదికి ఎక్కించాను. ఆరేళ్ల తరువాత ఎలుకలు పడ్డాయని దించితే, సగం పుస్తకాలు పొట్టు పొట్టుగా ఉన్నాయి. ఆమె ఏమీ అనకుండా ఆ పొట్టును చేటలోకి ఎత్తింది. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. ఎల్కానా గురించి అమ్మమ్మ గారు రాసినది చదివితే అది మళ్లీ గుర్తుకు వచ్చింది. ఇప్పుడు రాత్రి తొమ్మిది నుంచి పది వరకు పిల్లలు నా దగ్గర ఉంటారు. ఆమె ఆ గంటలో చదువుతుందో నిద్రపోతుందో నేను అడగను.

పెన్న_ఒడ్డు

నేను క్రైస్తవురాలిని కాను, శీర్షిక చూసి లోపలికి వచ్చాను. మా అత్తగారింట్లో భాగవతం పారాయణకు కూడా ఇటువంటి చుక్కల పట్టికే ఉండేది, ఆమె గోడ మీద పసుపుతో గీతలు గీసేవారు. పాలిచ్చే కోడళ్లకు మినహాయింపు అక్కడ కూడా లేదు. సంతోషించండి, ఈ విషయంలో అన్ని మతాలూ సమానమే.

కనిగిరి_పాస్టరమ్మ

అటువంటి పట్టికను మా స్త్రీల సమాజంలో అంటించినది నేనే, అందువల్ల ఈ చర్చ అంతా తల వంచుకొని చదివాను. మా సంఘంలో ఎక్కువమంది కూలికి వెళ్లే తల్లులు. పట్టిక పెట్టిన మూడో నెలలో ఇద్దరు సమాజానికి రావడమే మానివేశారు. కారణం ఏమిటని ఇంటికి వెళ్లి అడిగితే, ఒకామె "మా ఖాళీ గళ్లు చూడడానికి రావాలా అమ్మగారూ?" అంది.

ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. మా రెండో వాడు కడుపులో ఉన్నప్పుడు నా పేరు ఎదుట నేనే చదవకుండా మూడు చుక్కలు పెట్టుకున్నాను. పాస్టరమ్మ వరుస ఖాళీగా ఉంటే బాగుండదు కదా అనుకున్నాను. ఆ మూడు చుక్కలు నాకు ఇచ్చినంత అశాంతి మరేదీ ఇవ్వలేదు.

కథల పుస్తకాల గురించి కమలాకరం అన్నగారు అడిగారు కనుక, సంస్కృత పండితురాలై ఉండి తరువాత క్రైస్తవురాలైన పండిత రమాబాయి సంగతి చెబుతాను. ఆమె 1858లో పుట్టారు. వాళ్లమ్మ లక్ష్మీబాయికి పగలంతా ఇంటి చాకిరీ సరిపోయేది కనుక, తెల్లవారుజామున పక్షులు కూసే వేళ నిద్రమత్తులో ఉన్న చిన్నారిని ఒళ్లోకి తీసుకొని, ముద్దు చేసి లేపి, సంస్కృత శ్లోకాలు నోటితోనే నేర్పేది. పుస్తకం చేత పట్టకుండా అంత చదువు వచ్చింది ఆ పిల్లకు. పెద్దయ్యాక, భర్త ఉన్నప్పుడే, ఆయన పుస్తకాలలో బెంగాలీ భాషలో ఉన్న లూకా సువార్త ఆమె కంటబడింది. 1882లో భర్త పోయేనాటికి ఆమె చేతిలో ఏడాది నిండని కూతురు ఉంది. అన్నీ చదివిన మనిషి కాబట్టే ఆ చిన్న పుస్తకం విలువ గుర్తుపట్టగలిగింది. చివరి రోజులలో ఆమె బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి అనువదించారు. చదివే అలవాటే చచ్చిపోయిన ఇంట్లో బైబిలు మాత్రం బ్రతికి ఉంటుందని నేను అనుకోను.

కావలి_కమలాకరం

పాస్టరమ్మ గారు చెప్పినది న్యాయంగానే ఉంది. తెల్లవారుజామునే అన్న మాట మాత్రం మీరే చెప్పారు, నేను కాదు.

కనిగిరి_పాస్టరమ్మ

ఆ తల్లి తెల్లవారుజామున లేచింది నిజమే అన్నగారూ, కానీ ఆమెకు చుక్కలు పెట్టేవారు ఎవరూ లేరు.

వేటపాలెం_వదిన

పట్టికలను అందరూ ఇలా తిట్టడం నాకు నచ్చలేదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా సమాజంలో పట్టిక పెట్టినందుకే, నలభై రెండో ఏట, కూడబలుక్కుంటూ మొదటిసారి నాలుగు సువార్తలు పూర్తిగా చదివాను. నా పేరు ఎదుట వరుసగా చుక్కలు చూసిన రోజు మా ఆయనకు ఫోటో తీసి పంపాను. నా పిల్లలు పెద్దవాళ్లు కావడం వల్ల నాకు వీలయింది, ఆ మాట నిజమే. చంటిపిల్లల తల్లులకు మినహాయింపు ఇవ్వండి గాని, పట్టిక చించివేయవద్దు.

ఒంగోలు_అమ్మమ్మ

వదిన మాట కూడా సరైనదే. చంటిబిడ్డ ఉన్నవారి పేరు ఎదుట గడికి బదులు "హన్నా" అని రాస్తే సరిపోతుంది.

మూలాపేట_చిన్నమ్మాయి

ఇన్ని జవాబులు వస్తాయని నేను అనుకోలేదు. అమ్మమ్మ గారి పోస్టును మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన "ఎల్కానాకు ఇద్దరు భార్యలు కదా" అన్నారు. ఆ తరువాత జరిగినది ఇక్కడ రాయను.

ఒక సంగతి మొదటి పోస్టులో రాయలేదు. ఈ మధ్య మెట్లు ఎక్కితే గుండె దడగా ఉంటోంది, పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టడం లేదు. ఏ కారణమూ లేకుండా సాయంత్రం పూట ఏడుపు వస్తోంది. ఇది విశ్వాసం తక్కువ కావడం వల్లనేమో అని భయపడి మీ అందరినీ విశ్రాంతి గురించి అడిగాను.

పొదిలి_నర్సు

ఇది మొదటే రాయవలసింది తల్లీ. మెట్లు ఎక్కితే దడ అంటే ముందు రక్తపరీక్ష చేయించు. ఆడవారికి హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత అంటాము, వెంట వెంటనే రెండు కాన్పులైన వారిలో ఇది చాలా ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష కూడా చేయమని డాక్టరును అడుగు. కారణం లేని ఏడుపు, పట్టని నిద్ర రెండు వారాలకు మించి ఉంటే అది కాన్పు తరువాత వచ్చే మానసిక కుంగుబాటు కావచ్చు. అది కాన్పైన ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు, మందు ఉంది, తగ్గుతుంది. ఆసుపత్రికి వెళ్లేలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

విశ్వాసం సంగతి అంటావా, ఏలీయా ప్రవక్త కంటే విశ్వాసి ఎవరున్నారు? ఆయన బదరీవృక్షము కింద పడుకొని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి ఆయనకు వాక్యం బోధించలేదు. తట్టి లేపి, లేచి భోజనం చెయ్యి అంది. రొట్టె తిన్నాడు, నీళ్లు తాగాడు, మళ్లీ పడుకొన్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించింది. హోరేబు కొండ మీద దేవుడు మాట్లాడినదంతా దాని తరువాతి సంగతి. నువ్వు కూడా ముందు తిని పడుకో.

జపమాల_నెల్లూరు

చిన్నమ్మాయి గారూ, ఆసుపత్రికి తోడు కావాలంటే లోపలి సందేశంలో రాయండి. నేను సంతపేటలోనే ఉంటాను, మీ పెద్దవాడిని ఆ రెండు గంటలు మా ఇంట్లో ఆడించుకుంటాను.

కావలి_కమలాకరం

సోదరీ, నా మొదటి పోస్టుకు క్షమించాలి. నిన్న మా అక్కయ్యకు ఫోను చేసి అమ్మ గురించి అడిగాను. నాలుగింటికి లేచి చదివినది నిజమేనట. అయితే అప్పటికి నాకు పదేళ్లు, చంటిపిల్లలు ఎవరూ లేరట. మేము చిన్నగా ఉన్నప్పుడు అమ్మ మందిరంలోనే గోడకు ఆనుకొని నిద్రపోయేదని, అయ్యగారు ప్రసంగం చెబుతూ గొంతు తగ్గించేవారని అక్కయ్య చెప్పింది. అది నాకు ఇంతవరకు తెలియదు.

దర్గామిట్ట_పుస్తకాలు

గొంతు తగ్గించిన ఆ అయ్యగారికి నా తరఫున ఒక ఎర్ర చుక్క.

మూలాపేట_చిన్నమ్మాయి

మూడున్నర వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. హిమోగ్లోబిన్ 8.9 ఉంది. ఇనుము మాత్రలు వేసుకుంటున్నాను, ఏడుపు గురించి కూడా డాక్టరమ్మతో చెప్పాను, నెలలో మళ్లీ రమ్మన్నారు. జపమాల అక్క మా వాడిని రెండుసార్లు ఉంచుకొంది, వాడు ఇప్పుడు ఇంటికి వచ్చి సిలువ గుర్తు వేసుకుంటున్నాడు, మా బాప్టిస్టు అత్తమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు.

ఆదివారం రెండు నుంచి నాలుగు వరకు పిల్లలు మా ఆయన దగ్గర ఉంటున్నారు. మొదటి రెండు ఆదివారాలు నేను ఆ సమయమంతా నిద్రపోయాను. మూడో ఆదివారం మెలకువగా ఉన్నాను, యెషయా నలభయ్యో అధ్యాయం తెరిచాను. గొఱ్ఱెపిల్లలను రొమ్మున ఆనించుకొని మోస్తాడని చిన్నప్పుడు బొమ్మల కార్డుల మీద చదివినదే. దాని చివర "పాలిచ్చువాటిని ఆయన మెల్లగా నడిపించును" అని ఉందని నేను ఇంతకుముందు చూడలేదు. అక్కడ ఆగిపోయి, మరి ముందుకు చదవలేదు. వెనకబడినట్టు అనిపించలేదు. విశ్రాంతి ఎప్పుడని మిమ్మల్ని అడిగాను కదా, ఆ మధ్యాహ్నం అది వచ్చి కాసేపు మంచం మీద నా పక్కన కూర్చున్నట్టు ఉంది. సోమవారం మళ్లీ మామూలే.

అత్తమ్మకు కథల పుస్తకాలు ఇంకా నచ్చవు. అయితే నేను పాలిచ్చేటప్పుడు ఆమే వచ్చి గుమ్మంలో కూర్చొని, చిక్కుళ్లు గిల్లుతూ లేవీయకాండము నాకు బిగ్గరగా చదివి వినిపిస్తున్నారు, "నీకు చేతులు ఖాళీ లేవు, చెవులు ఖాళీయే కదా" అన్నారు. పదమూడో అధ్యాయం దాటాము. దానివల్ల వచ్చిన చిక్కు ఏమిటంటే, మా వాడు అదంతా విన్నాడు. నిన్న మందిరం మెట్ల దగ్గర అందరి ముందు మోచెయ్యి చూపించి, "ఇది పొడ, యాజకునికి చూపించాలి" అని అయ్యగారి వెంటపడ్డాడు. అది దోమకాటు.

కనిగిరి_పాస్టరమ్మ

మీ అయ్యగారు ఏమన్నారు?

మూలాపేట_చిన్నమ్మాయి

కళ్లజోడు పెట్టుకొని బాగా చూసి, పవిత్రుడవే, ఇంటికి వెళ్లవచ్చు అన్నారు.

పొదిలి_నర్సు

నెల్లూరు దోమలకు యాజకుడు చాలడు, దోమతెర కొనండి. మాత్రలు భోజనం తరువాత టీతో వేసుకోవద్దు, నిమ్మరసం తాగు. నెల తరువాత హిమోగ్లోబిన్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయి.